కంప్యూటర్ ముందు అల్లుడుగారు

మా గోదావరి జిల్లాల్లో ఇంటి అల్లుడితో దాదాపు ఏ మాటైనా అనొచ్చు. ఇంకాస్త వేసుకోండి అనొచ్చు. ఎండన పడి వచ్చారు, కాసేపు నడుం వాల్చండి అనొచ్చు. అప్పుడే బయల్దేరుతున్నారేంటండి అని కూడా అనొచ్చు, లోపల ఏమనుకున్నా సరే. అనకూడని మాట ఒక్కటే ఉంది. కూర్చున్న అల్లుణ్ణి లేవండి అనకూడదు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు కోర్టుకెళ్ళి కొట్టేయించేవారు.

మా అక్క భర్త, అంటే మా బావగారు, భీమవరం అవతల చేపల చెరువులు చేస్తారు. చెడ్డమనిషి కాదు. మా కష్టమంతా అక్కడే ఉంది. చెడ్డమనిషైతే ఏనాడో తగాదా పడి హాయిగా ఉండేవాళ్ళం. మా నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం పక్కన కూర్చున్నది ఆయనే. ఎప్పుడొచ్చినా ఐసు పెట్టెలో రొయ్యలు తెస్తారు. వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒక వస్తువు బాగుచేసి వెళ్తారు. ఆయన మిక్సీ బాగుచేశాక మేము కొత్త మిక్సీ కొనుక్కున్నాం. గీజరు బాగుచేశాక పొయ్యి మీద నీళ్ళు కాచుకోవడం మళ్ళీ అలవాటు చేసుకున్నాం. మా అమ్మ మాత్రం, "అల్లుడుగారు చూశారు కాబట్టి అవి ఆ మాత్రమైనా పనిచేశాయి" అంటుంది.

కంప్యూటర్ మా ఆవిడది. తను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తుంది. ఉద్యోగం చేసుకుంటూ, వంట చేసుకుంటూ, మా అమ్మ మాత్రలు వేళకి అందిస్తూ, ఏళ్ళ తరబడి పీహెచ్‌డీ చేసింది. గోదావరి కాలవల మీద బతికేవాళ్ళ మాటలు తన విషయం. ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి నీళ్ళు ఆఖరున అందే శివారు ఊళ్ళ దాకా సెలవు రోజుల్లో బస్సుల్లో తిరిగింది. లాకుల దగ్గర పనిచేసి రిటైరైనవాళ్ళు, గట్లు కాసిన లస్కర్లు, నీటి వంతు కోసం పక్కచేనువాడితో తలపడ్డ రైతులు, వీళ్ళందరినీ కదిపి, వాళ్ళ మాటలు ఫోన్లో పట్టుకొచ్చి, ఇంట్లో కూర్చుని ఒక్కొక్కటే టైపు చేసింది. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. పాత ఫోను కూడా ఇప్పుడు లేదు. మా ఇంట్లో ఈ మొత్తాన్ని "అమ్మాయి రాతపని" అనేవాళ్ళు, ఊరగాయ పని, ఇస్త్రీ పని అన్నట్టు.

యూనివర్సిటీవాళ్ళు గడువు పొడిగించగలిగినంతా పొడిగించి, ఈ సోమవారం సాయంత్రంలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అని తేల్చిచెప్పారు. రద్దయితే మొదటినుంచీ మొదలుపెట్టాలి. మొదటినుంచీ మొదలుపెట్టే వయసు కాదు తనది.

ఆ సోమవారానికి ముందు శనివారం నిడదవోలులో పెళ్ళి ఉందని అక్కా బావగారూ వచ్చారు. అక్క పెళ్ళివారింట్లోనే ఉండిపోయింది. బావగారికి అక్కడి దోమలు పడక మా ఇంట్లో దిగారు. మధ్యాహ్నం మా ఆవిడ కాలేజీలో ఉండగా కాలక్షేపానికి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సాయంత్రం తనొచ్చి ఆఖరి అధ్యాయం పూర్తిచేసి, ఆపేసి, చాలా రోజుల తర్వాత నవ్వుతూ నిద్రపోయింది.

ఆదివారం పొద్దున్న కంప్యూటర్ లేవలేదు. కంపెనీ బొమ్మ వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, తర్వాత తెరంతా నల్లబడింది. మళ్ళీ ఆపి వేస్తే మళ్ళీ అంతే. మా ఆవిడ నన్ను పిలిచిన గొంతు విని నేను పేపరు అక్కడే పడేసి వచ్చాను.

"పెన్ డ్రైవ్‌లో కాపీ ఉందిగా?" అన్నాను.

"ఉంది. డ్రాయర్లో కనపట్టం లేదు."

అప్పుడే స్నానం చేసి భుజాన తువ్వాలుతో బావగారు వచ్చారు. "ఏంటమ్మా, ఆ ఎర్రదా? నా కారులో ఉంది. పాటలెక్కించుకున్నా చెల్లెమ్మా. ఏవో ఫైళ్ళు అడ్డంగా ఉంటే తీసేశా."

మా ఆవిడ గోడకి ఆనుకుంది. పీహెచ్‌డీ గైడుగారి దగ్గర మొదటి మూడు అధ్యాయాలే ఉన్నాయి. తక్కినదంతా, చచ్చిపోయినవాళ్ళ మాటలతో సహా, ఆ నల్లటి తెర వెనకాల ఉంది. రిపేరు షాపతనికి ఫోన్ చేస్తే, "ఆదివారం కదండీ, రేపు మధ్యాహ్నం పట్రండి" అన్నాడు.

నాకు మరీ ప్రాణం పోయినట్టు అనిపించలేదు. సేఫ్ మోడ్ ఒకటుందని కాలేజీ రోజుల నుంచీ తెలుసు. జబ్బుమనిషికి పథ్యం పెట్టడం లాంటిది అది. చారన్నం తప్ప అన్నీ ఆపేస్తే, ఏది తింటే పడలేదో తెలుస్తుంది. అలాగే కంప్యూటర్‌ని ఉత్త ప్రాణంతో లేపుతారు. పాటలుండవు, ఇంటర్నెట్ ఉండదు, ప్రింటరుండదు, తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములేవీ లేవవు. అలా లేస్తే లోపల ఫైళ్ళు పదిలంగా ఉన్నట్టే. వాటిని బయటికి తీసి, తర్వాత తీరిగ్గా రోగం సంగతి చూడొచ్చు. ఆ రోజుల్లో ఒక మీట నొక్కితే సరిపోయేది. ఇప్పుడలా కుదరదని ఫోన్లో చదివాను. మొదలయ్యేటప్పుడు మధ్యలో బలవంతంగా ఆపేస్తూ పోతే, చివరికి అదే విసుగెత్తి ఒక నీలం పేజీ చూపిస్తుందట. ఆ పేజీ వెంట లోపలికి వెళ్ళాలి.

ఇంత చదివి తలెత్తేసరికి కుర్చీలో బావగారు ఉన్నారు.

"ఏంటోయ్ బావమరిదీ, ఆదివారం పూట కూడా ఆఫీసు మొహం పెట్టావ్? నిన్న బ్రహ్మాండంగా పనిచేసిందే! నేను మందు కూడా వేశాగా."

"ఏం మందండి?"

"యాంటీవైరస్సోయ్. మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటరతను ఇచ్చాడు. చాలా పవర్‌ఫుల్లు."

"ఇందులో ముందే ఒకటుందండి."

"ఉంటే ఏంటి? రెండు కుక్కలుంటే దొంగ రాడు."

దొంగ రాడన్నది నిజమే. ఇంటివాళ్ళు కూడా రాలేకపోతున్నారు. ఈ మాట నేను పైకి అనలేదు. ఒకే పెళ్ళిలో ఇద్దరు పెద్దల్లుళ్ళు ఎదురుపడ్డట్టు ఆ రెండు యాంటీవైరస్‌లూ లోపల గుమ్మం దగ్గరే నిలబడిపోయాయని అర్థమైంది. సేఫ్ మోడ్‌లో అవి రెండూ లేవవు. మందు మా చేతిలోనే ఉంది. అడ్డంగా ఉన్నది ఆయన వీపు.

"ఒక్కసారి నేను చూస్తానండి బావగారూ."

"నువ్వు కూర్చో. నేనున్నాగా." నాకు ఇంకో కుర్చీ చూపించారు, నా ఇంట్లోనే. "దీనికి ఒకటే మందు. ఫార్మాట్ కొట్టేద్దాం."

"వద్దండి. తన థీసిస్ అందులోనే ఉంది."

"అదేనోయ్ నేను చెప్పేదీ. చెరువుకి వైరస్ పట్టిందనుకో, ఏం చేస్తాం? నీళ్ళు తోడేస్తాం. అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగడతాం. సున్నం జల్లి మళ్ళీ కొత్తనీళ్ళు పెడతాం. పీడా పోద్ది."

"తోడేసేటప్పుడు అందులో చేపలుంటేనండి?"

"రోగమొచ్చిన చేపల్ని ఎవడు కొంటాడోయ్!"

గోడకి ఆనుకున్న మా ఆవిడ అప్పుడు నోరు తెరిచింది. "నా చేపలకి రోగం లేదు అన్నయ్యగారూ."

"నీకు తెలీదులే చెల్లెమ్మా. పైకి కనపడదు."

మా అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి మాలో ఎవరో ఒకరికి చెప్తుంది. "అల్లుడుగారు చూస్తున్నారుగా, నువ్వు మధ్యలో దూరతావేంట్రా? అమ్మాయ్, నువ్విటు రా. దిబ్బరొట్టె పెట్టాను. దగ్గరుండి చూడకపోతే మాడిపోద్ది. మాడితే అల్లుడుగారికి నోటికి పోదు."

దిబ్బరొట్టె గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. మినప్పిండీ బియ్యం రవ్వా కలిపి, మందపాటి మూకుట్లో పోసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద ఎర్రగా అయ్యేదాకా కాపలా కాయాలి. తొందరపడితే లోపల పచ్చి, ఏమరితే అడుగు బొగ్గు. మా అమ్మ లెక్కలో ఆ పొద్దున్న ఇంట్లో కాపలా కాయాల్సిన వస్తువు అదొక్కటే. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఏదో చేస్తానని నమ్మి వంటింట్లోకి వెళ్ళింది.

ఒక మనిషి ఏళ్ళ కష్టం పక్కగదిలో ఎండగట్టబోతుంటే, ఆ మనిషే ఆ ఎండగట్టే ఆయనకి రొట్టె కాలుస్తోంది. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనపడలేదు. రొట్టెలోకి పెట్టే పానకంలో అల్లుడుగారికి తీపి చాలుతుందో లేదో అని మాత్రం మా అమ్మకి బెంగగా ఉంది.

బావగారు మీట నొక్కి ఆపడం, మళ్ళీ వేయడం మొదలుపెట్టారు. చెయ్యాల్సింది అదే. ఆయన చిరాకు కొద్దీ చేస్తుంటే, అది కాస్తా సరైన వైద్యమైపోయి నీలం పేజీ వచ్చింది. లోపలికి వెళ్తే రెండు దారులు. మొదటిది కంప్యూటర్‌ని కొత్తదానిలా చేయడం. రెండోది తక్కిన ఉపాయాలు. సేఫ్ మోడ్ ఆ రెండోదానిలో, లోపల మూల గదిలో ఉంటుంది. బావగారు మొదటిదాని మీద నొక్కారు.

"చూశావా? పాపం, అదే అడుగుతోంది."

"రెండోది బావగారూ. కింద ఉన్నది."

"ఫైళ్ళు ఉంచాలా, అన్నీ తీసెయ్యాలా అంటోంది. అన్నీ తీసెయ్యమందాం. సగం సగం వైద్యం నాకు నచ్చదు."

"వద్దండి. బావగారూ, వద్దండి."

"నీకు చిన్నప్పట్నించీ భయమే."

నేను నా ఎరికలో ఉన్న మర్యాదైన ఉపాయాలన్నీ వాడాను. కాఫీ పెట్టించమంటారా అన్నాను, ఇక్కడికే పంపించమన్నారు. పెళ్ళివారి ఫోనేమో చూసుకోండి అన్నాను, నన్నే మాట్లాడమన్నారు. పెరట్లో కొబ్బరిచెట్టుకి ఏదో తెగులు పట్టింది, ఒకసారి చూస్తారా అన్నాను. దీని తర్వాత దాని పని కూడా పడతానన్నారు.

చివరికి వరండాలోకి వెళ్ళి మెయిన్ ఆపేశాను. డిగ్రీ చదివాను, పదిమందికి ఇన్సూరెన్సు పాలసీలు ఎలా చేయాలో నేర్పే ఉద్యోగం నాది. అలాంటివాణ్ణి, ఒక మనిషిని లేవండి అనలేక ఇంటి మొత్తానికి కరెంటు తీసేశాను. తిరిగొచ్చేసరికి ఫ్యాను తిరుగుతోంది, తెర వెలుగుతోంది. ఇన్వర్టరు. పోయిన వేసవిలో ఆయనే బాగుచేశారు. ఆయన బాగుచేసినవాటిలో పనిచేసేది అదొక్కటే.

"కరెంటు పోయిందోయ్. ఇన్వర్టరు ఎలా అందుకుందో చూడు!" అన్నారు బావగారు సంతోషంగా.

తెర మీద ఇంకో ప్రశ్న వచ్చింది. ఉత్తినే తీసెయ్యాలా, శుభ్రంగా తుడిచెయ్యాలా అని. తర్వాత ఇంకోటి. కంప్యూటర్ మర్యాదస్తురాలు. నిజంగానా, ఆలోచించుకున్నారా, మళ్ళీ రావు సుమా అని అడుగుతూనే ఉంది. ఆ ఇంట్లో ఆ రోజు మా ఆవిడ కష్టం గురించి ఇన్నిసార్లు ఆగి అడిగింది ఆ పెట్టె ఒక్కటే.

వంటింట్లోకి వినపడేలా, "వద్దండీ!" అని అరిచాను. అది ఆయన్ని ఆపడానికో, మా ఆవిడని పిలవడానికో నాకే తెలీదు.

మా ఆవిడ వచ్చింది. చేతికి పిండి ఉంది. తెర చూసింది, బాణం గుర్తు ఎక్కడుందో చూసింది. వచ్చి ఆయన పక్కన నిలబడి, క్లాసులో ఆఖరి బెంచీవాళ్ళకి వినపడే గొంతుతో కాదు, మామూలు గొంతుతోనే అంది:

"అన్నయ్యగారూ, లేవండి."

మౌస్ మీద ఆయన చెయ్యి ఆగింది. ఆయన మా ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూశారు. ఇలాంటప్పుడు భార్యని ఏదో ఒకటి అనాల్సిన బాధ్యత మొగుడిది కదా, ఆ అవకాశం నాకిచ్చారు.

"ఏంటోయ్, విన్నావా?"

"విన్నానండి. లేవండి బావగారూ."

ఆయన లేచారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని హాల్లోకి వెళ్ళారు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. మా అమ్మ తలుపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది, రొట్టె గురించి కాదు.

మా ఆవిడ కూర్చుంది. నేను ఫోన్లో చూసి చెప్పాను, తను నొక్కింది. వెనక్కి, వెనక్కి, రెండో దారి, లోపలికి, ఇంకా లోపలికి. ఒక జాబితా వచ్చి అంకె నొక్కమంది. తను నాలుగు నొక్కింది. కంప్యూటర్ ఆగి మొదలైంది. చుక్కలు తిరిగాయి. తెర నల్లబడింది. తను నా చెయ్యి పట్టుకుంది, పిండి చేత్తోనే. అప్పుడు ఆ నలుపు నాలుగు మూలల్లోనూ సేఫ్ మోడ్ అని తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఫోల్డర్లు ఒక్కొక్కటే తేలాయి, ఊరినుంచి బస్సు దిగుతున్న మనుషుల్లా, ఉబ్బిపోయి పెద్దవిగా. ఆఖరి అధ్యాయం తెరిచింది. ఉంది. లస్కర్ల మాటలు తెరిచింది. ఉన్నాయి.

"కారు తాళాలు తెండి" అంది.

తెచ్చాను. ఎర్ర పెన్ డ్రైవ్ పెట్టి, బావగారి పాటలన్నీ తీసేసి, తనవి ఎక్కించుకుంది. అడగలేదు. ఆ కొత్త యాంటీవైరస్‌ని పీకేయబోతే సేఫ్ మోడ్‌లో అది మొరాయించింది. పోనీలెమ్మని, మొదట్లోనే లేవకుండా దాన్ని ఆపేశాం. మళ్ళీ వేస్తే కంప్యూటర్ ఏమీ ఎరగనట్టు మామూలుగా లేచింది.

మేము హాల్లోకి వచ్చేసరికి బావగారు బ్యాగు సర్దుకున్నారు. "పెళ్ళివారు ఎదురుచూస్తుంటారు" అన్నారు గుమ్మంతో. కారు వెళ్ళిపోయింది.

"ఎంగిలి పడకుండా వెళ్ళిపోయారు" అని మా అమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చింది. "ఒక్క పూట ఓర్చుకుంటే మీ సొమ్మేం పోయిందిరా?"

ఏం పోయేదో చెప్పాను. ఆవిడ వినలేదు. సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏరా, మీ ఆవిడ మీ బావని లెగ్గొట్టిందంటగా?"

"లేవమంది."

"రెంటికీ తేడా ఏంటి?"

"ఆవిడ రాసిందంతా పోయేదే అక్కా."

"పోతే మళ్ళీ రాసుకుంటాది. మర్యాద పోతే మళ్ళీ వస్తాదా?"

"కాలవ గట్టున కూర్చుని ఆ మాటలు చెప్పి పోయిన ముసలాళ్ళు మళ్ళీ వచ్చి చెప్తారా?"

"ఎవరో ముసలాళ్ళూ, నీ సొంత బావా ఒకటేరా?" అని పెట్టేసింది. నేను ఫోన్ని సోఫా మీదికి విసిరాను. నేల మీదికి విసరాలనుకున్నాను గాని, అది పాడైతే బాగుచేయడానికి ఎవరొస్తారో తెలుసు.

సోమవారం థీసిస్ ఇచ్చేశాం. కొన్నాళ్ళకి వైవా అయింది, డాక్టరేటు వచ్చింది. ఇంటి దగ్గర భోజనాలు పెట్టుకున్నాం. మా అమ్మ పట్టుబట్టి అక్కనీ బావగారినీ పిలిపించింది. ఆయన పెద్దమనసుతో వచ్చారు. శాలువా, ఐసు పెట్టె, రెండూ తెచ్చారు. గైడుగారి పక్కన మొదటి ఆకు దగ్గర కూర్చున్నారు. డాక్టరేటు తెచ్చుకున్న మనిషి వడ్డిస్తోంది.

"అసలు ఆ రోజు కంప్యూటర్ చచ్చూరుకుంది సార్" అని బావగారు గైడుగారికి చెప్తున్నారు. "పొద్దున్నే కూర్చున్నా. వీళ్ళు కంగారు పడిపోయారుగాని, ఆ నీలం పేజీ రప్పించింది నేనే. అది రాకపోతే ఏం లేదు. ఏమ్మా చెల్లెమ్మా?"

గైడుగారు మెచ్చుకోలుగా తలూపారు. తలుపు చాటున మా అమ్మ మొహం వెలిగింది. నేను అన్ని నెలలూ దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి వరస కట్టాయి. చెడ్డ సంగతేమిటంటే, నీలం పేజీ గురించి ఆయన చెప్పింది నిజమే.

మా ఆవిడ పెరుగు గిన్నెతో ఆయన ఆకు దగ్గరికి వచ్చింది.

"మళ్ళీ కాస్త స్లో అయిందంటగా కంప్యూటరు? భోజనం కాగానే ఓసారి చూస్తాలే" అన్నారు బావగారు.

"చూడొద్దండి" అంది మా ఆవిడ, ఆకులో పెరుగు వేస్తూ. "ఇంకాస్త వెయ్యనా?"